డేటా సెంటర్ నెట్‌వర్క్ పరిభాష: తెలుగులో సరళత – ఒక విమర్శనాత్మక పరిశీలన

డేటా సెంటర్ నెట్‌వర్క్ నిర్వహణను సులభతరం చేసే ప్రయత్నాలకు మూలం నిర్ణయాన్ని, చేరవేతను వేరుచేయడం. పాత పద్ధతిలో సమాచారం వెళ్ళే దారిని ప్రతి స్విచ్చూ తానే నిర్ణయిస్తుంది. సాఫ్ట్‌వేర్ ఆధారిత పద్ధతిలో ఆ నిర్ణయం కంట్రోలర్‌ది. స్విచ్‌కు మిగిలేది చేరవేత. ఈ రెంటినీ ‘నియంత్రణ తలం’, ‘దత్తాంశ తలం’ అని అనువదిస్తే, ‘తలం’ అనే మాట అవి చేసే పనిని చెప్పదు. ‘నిర్ణయ విభాగం’, ‘చేరవేత విభాగం’ అంటే పని తెలుస్తుంది.

2015లో జాతీయ సాంకేతిక సంస్థ ఏర్పడిన తాడేపల్లిగూడెం ప్రాంతంలో ఈ విభజనకు పోలిక కళ్ళెదుటే ఉంది. గోదావరి డెల్టాలో నీటి వంతులు నిర్ణయించేది అధికారులు. తూము తలుపు ఎత్తేది లస్కరు. అయితే కాలువ నీటికి చిరునామా ఉండదు, ప్యాకెట్‌కు ఉంటుంది. పోలికకు హద్దు అక్కడే.

‘సులభం’ అనే మాటనూ పరీక్షించాలి. కొల్లేటి నీరు సముద్రం చేరే దారి ఉప్పుటేరు ఒక్కటే. అది పూడుకుపోతే ముంపు తప్పదు. ఒకే కంట్రోలర్‌ను నమ్ముకున్న నెట్‌వర్క్‌లోనూ అది ఆగితే కొత్త నిర్ణయాలన్నీ ఆగుతాయి. అందుకే ఒకటికి మించి కంట్రోలర్లను అమర్చుతారు. తెలుగు పాఠం సౌలభ్యంతో పాటు ఈ ప్రమాదాన్నీ వివరించాలి.