మనం ఎంచుకోని వాక్యం

మా విచారణ (పారిష్‌)లో ఆదివారం పూజకు పఠనాలు చదివేవాళ్లలో నేనూ ఒకణ్ని. ఏం చదవాలో నేను ఎంచుకోను, ఫాదర్‌ గారూ ఎంచుకోరు. 1969లో రోమ్‌ ఖరారు చేసిన పఠనాల క్రమం ఒకటి ఉంది. అది మూడేళ్లకు ఒకసారి తిరిగొస్తుంది. ఒక ఏడు మత్తయి, ఇంకో ఏడు మార్కు, మూడో ఏడు లూకా. యోహానుకు విడిగా ఏడాది లేదు గానీ తపస్కాలంలో, పాస్కా రోజుల్లో ఎక్కువగా వినిపిస్తాడు. ప్రసంగాలు ఎంత బాగున్నా, క్యాథలిక్కుల మనస్సాక్షిని దిద్దేది ముఖ్యంగా ఈ వరుసేనని నా నమ్మకం.

నచ్చిన వాక్యాన్ని వెతుక్కోమంటే, మనల్ని ఓదార్చేదో మెచ్చుకునేదో వెతుక్కుంటాం. పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చే వాక్యాలన్నీ అలాంటివే. పూజలో కూర్చున్నవాళ్లకు ఆ వీలుండదు. వంతు వచ్చిన వాక్యం వచ్చి తీరుతుంది.

ఒకసారి మాకూ అలాగే వచ్చింది. 2024 సెప్టెంబరు 20న మా బొగ్గు గనుల కంపెనీ సింగరేణి లాభాల్లో కార్మికులకు 33 శాతం వాటా ప్రకటించారు. మొత్తం 796 కోట్లు. పర్మినెంటు కార్మికుడికి సగటున 1.90 లక్షలు, కాంట్రాక్టు కార్మికులకు మొట్టమొదటిసారిగా తలా 5,000. మా గోదావరిఖనిలో ఏ ఇంట్లో చూసినా ఆ లెక్కలే. 29వ తేదీ ఆదివారం వచ్చిన రెండో పఠనం యాకోబు లేఖ ఐదో అధ్యాయం. కోత కోసినవాళ్లకు ఎగ్గొట్టిన కూలి మొరపెడుతోందనీ, ఆ మొర దేవుడి చెవిన పడిందనీ ఉన్నవాళ్లను నిలదీసే భాగం అది. మా ఊరి బోనస్‌ చూసి పెట్టింది కాదు. ఆ క్రమం ప్రకారం నడిచే ప్రతి చర్చిలోనూ ఆ రోజు అదే చదివారు.

పూజ అయ్యాక బయట ఎవరైనా మేనేజ్‌మెంటు మాట ఎత్తుతారేమో అనుకున్నాను. ఒక కార్మికుడి భార్య మాత్రం వేరే మాట అంది. "బోనస్‌తోని ఏం కొనాల్నో లెక్కేస్తున్నం గని, మా ఇంట్ల అంట్లు తోమే అక్కకు రెండు నెల్ల పైసలు ఆగినయ్‌." చుట్టూ ఉన్నవాళ్లు కాసేపు మాట్లాడలేదు. యాకోబు గద్దించిన ధనవంతుల్లో తామూ ఉంటామని వాళ్లెవరూ అనుకుని ఉండరు.

ఆ వాక్యం తెలుగులో వినిపించింది కాబట్టే ఆ మాట వచ్చింది. రెండో వాటికన్‌ మహాసభ 1963లో పూజలో స్థానిక భాషలకు తలుపు తెరిచింది. అంతకుముందు పూజ లాటిన్‌లో నడిచేది. 1965లో అదే సభ మనస్సాక్షి గురించి చెబుతూ, మనిషి దేవుడితో ఒంటరిగా ఉండే చోటు అదేనంది. నాకు ఈ రెండూ ఒకదానికొకటి ముడిపడినవే అనిపిస్తాయి. ఒంటరిగా ఉన్నప్పుడు లోపల ఏదైనా వినిపించాలంటే, అంతకుముందు నలుగురిలో, అర్థమయ్యే భాషలో, చెవిన పడి ఉండాలి.

అలా చెవిన పడిన మాట లోపల వినిపించినవాడు, మా చర్చికి వచ్చే ఒక రిటైర్డ్‌ గని సర్దార్‌ ఉన్నాడు. షిఫ్టు వాళ్లకంటే ముందు బొగ్గు తవ్వే ఫేస్‌ దగ్గరికి వెళ్లి గ్యాస్‌ చూసేవాడు, కర్రతో పైకప్పు కొట్టి వినేవాడు. ఖంగుమంటే గట్టిగా ఉన్నట్టు. డొల్ల చప్పుడు వస్తే దాని కింద ఎవర్నీ నిలబడనిచ్చేవాడు కాదు. తర్వాత రిపోర్టు బుక్కులో రాసి సంతకం చేయాలి. చీకట్లో అంత దూరం నడవకుండానే రాసేసినా ఆ పూటకు అడిగేవాళ్లుండరు. ఆయన పెద్దగా చదువుకున్నవాడు కాదు, బైబిలు చేతపట్టింది తక్కువ. లూకా పదహారో అధ్యాయంలోని గృహనిర్వాహకుడి కథ తనకు ఇప్పటికీ పూర్తిగా అర్థం కాలేదంటాడు. "గని లెక్క చెప్పుమని పిలుస్తడు సూడు, ఆ మాట బాయిల బుక్కు తెరిచినప్పుడల్లా ఇనవడేది," అన్నాడు.

2003 జూన్‌ 16న ఇక్కడి 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు ముంచుకొచ్చి 17 మంది చనిపోయారు. అలాంటప్పుడు సానుభూతితోనే అయినా జనం నోట ఒక మాట వస్తుంది, ఏం పాపం చేసుకున్నరో అని. తొమ్మిది నెలలకు, 2004 మార్చి 14న, తపస్కాలం మూడో ఆదివారం, వరుసలో లూకా పదమూడో అధ్యాయం వచ్చింది. సిలోయములో బురుజు కూలి 18 మంది చచ్చిపోయిన సంగతి. వాళ్లు మిగతా యెరూషలేము వాళ్లకంటే పాపులా అని యేసు అడిగి, కాదని తానే చెబుతాడు. ఆ వెంటనే, మీ సంగతి చూసుకోండని బతికున్నవాళ్ల వైపు తిరుగుతాడు. ఆ సువిశేషాన్ని చెవిపెట్టి విన్నవాళ్ల నోట ఆ పాత మాట మళ్లీ రాకూడదు.

వాక్యం వినాలంటే ముందు పూజకు రావాలి. కానీ ఆదివారం గనికి సెలవు రోజు (ప్లే డే), ఆ రోజు మస్టరు పడితే రెట్టింపు జీతం. పిల్లల ఫీజులున్నవాళ్లు పూజ మానేసి డ్యూటీకి వెళ్తే నేను తప్పుపట్టను. శనివారం సాయంత్రం పూజ ఉన్నచోట అదీ ఆదివారం పూజ కిందే లెక్క. దాన్ని మన గని ఊళ్లలో ఇంకా పట్టుదలగా నడపాలి.

మత్తయి ఏడాదిలో ద్రాక్షతోట కూలీల కథ వస్తుంది. సాయంత్రం ఐదింటికి అడ్డా మీద దొరికినవాడికీ పొద్దున్నే వచ్చినవాడికీ యజమాని ఒకే కూలి ఇస్తాడు. 2023 సెప్టెంబరు 24న అది చదివాక, పర్మినెంటు ఉద్యోగి ఒకాయన చెట్టు కింద నిలబడి, "పొద్దంత ఎండల జేసినోనికి, గంట జేసినోనికి ఒక్కటేనా?" అన్నాడు. పక్కనే ఉన్న కాంట్రాక్టు కుర్రాడు, "నేను నీతోపాటే పొద్దుగాల దిగుతున్న గదన్నా. ఐదింటికొచ్చినోనికి ఇచ్చినట్టు నాకిచ్చినా సాలు," అన్నాడు. ఆయన అప్పుడేం బదులివ్వలేదు. తర్వాత యూనియన్‌ మీటింగులో కాంట్రాక్టు వాళ్ల జీతాల సంగతి ముందుగా ఎత్తింది ఆయనేనని ఆ కుర్రాడే నాకు చెప్పాడు.