పాత ఫైబర్ బోటుకు వెనుక పలకే ప్రాణం

సిరిసిల్ల జిల్లా చందుర్తి మెట్ట సీమ. ఇక్కడ నీళ్ల మాట వస్తే బోరు ఎన్ని అడుగులు వేశారు, మోటారు ఎంతసేపు పోసింది అనే. అలాంటి ఊరి వాళ్లకు పడవ మరమ్మతు గురించి చెప్పడమేమిటని అనిపించవచ్చు. కానీ ఇప్పుడు వేములవాడ దాకా వస్తే చాలు, మిడ్ మానేరు వెనుక నీళ్లు కనిపిస్తాయి. మానేరు, మూలవాగు కలిసే చోట మాన్వాడ దగ్గర కట్టిన ఈ జలాశయం సామర్థ్యం సుమారు 27.5 టీఎంసీలు. శ్రీరాంసాగర్ ప్రాజెక్టు (ఎస్సారెస్పీ) వరద కాలువ నీళ్లు దీంట్లోకే వస్తాయి. 2016లో కట్ట తెగింది. 2019 నుంచి నీళ్లు నిలుస్తున్నాయి. కొదురుపాక, నీలోజిపల్లి, చీర్లవంచ, వరదవెల్లి లాంటి ఊళ్లు మునిగాయి. జలాశయం నిండితే వరదవెల్లి గుట్ట మీది దత్తాత్రేయ స్వామి దర్శనానికి బోటు ఎక్కాల్సిందే. పైన నర్మాల దగ్గర నిజాం కాలపు ఎగువ మానేరు, కింద కరీంనగర్ ఒడ్డున 24 టీఎంసీల దిగువ మానేరు జలాశయాలు ఉన్నాయి. బోటు ఇప్పుడు ఈ సీమకూ పనిముట్టే.

చేపలు పట్టే ముదిరాజ్, గంగపుత్ర సంఘాల వాళ్లు చాలామంది ఇప్పటికీ థర్మాకోల్ తెప్పల మీదే వలలు వేస్తున్నారు. అంతకంటే పెద్దది, గాలికి తట్టుకునేది కావాలంటే కళ్లు ఫైబర్ బోటు మీద పడతాయి. కొత్తది కొనే స్తోమత లేనప్పుడు పాతది. ఇక్కడే పొరపాటు మొదలవుతుంది. పైన రంగు చూసి, ఇంజన్ ఎన్ని హార్స్ పవర్ అని అడిగి, బేరం కుదుర్చుకుంటారు. ఆ ఇంజన్ దేనికి వేలాడుతుందో ఎవరూ చూడరు.

కోస్తాలో పడవ బాగుచేయడం ఒక విడి విద్య కాదు, పడవ నడపడంలోనే ఒక భాగం. దుంగలు కట్టిన తెప్పను ఒడ్డుకు తేగానే విప్పి ఆరబెట్టేవాళ్లు. కొబ్బరి పీచు తాడుతో పలకలు కుట్టిన పడవకు కుట్లు మళ్లీ మళ్లీ బిగించేవాళ్లు. కోరంగి, తాళ్లరేవు వడ్రంగులు పలకల సందుల్లో నార కూరి నీళ్లు రాకుండా చేసేవాళ్లు. 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ వారి బంగాళాఖాతం కార్యక్రమం, అలల మధ్య నుంచి ఇసుక మీదికి దిగగలిగే ఫైబర్ పడవల నమూనాలను తూర్పు తీరానికి తెచ్చింది. దుంగలు దొరకడం కష్టమైన కొద్దీ విశాఖ తీరంలో తెప్ప కూడా ఫైబర్ తెప్ప అయింది. దాంతోపాటే ఒక అపోహ కూడా వచ్చింది, ఫైబర్‌కు మరమ్మతు అక్కర్లేదని. చెక్క పడవ చెడితే కారుతుంది, యజమాని అదే రోజు చూస్తాడు. ఫైబర్ చెడితే లోపలే చెడుతుంది, పైన నున్నగానే ఉంటుంది.

లోపల ఏముందో నేత తెలిసిన సిరిసిల్ల వాళ్లకు ఎక్కువ వివరించక్కర్లేదు. వోవెన్ రోవింగ్ అనే గాజు బట్ట పడుగు పేకలతో నేసినదే. దానికి తోడు, తరిగిన గాజు పోగులను అటూ ఇటూ చల్లి అంటించిన మ్యాట్ ఒకటి ఉంటుంది. ఈ రెండింటినీ ఒకదాని మీద ఒకటి పరిచి పాలిస్టర్ రెజిన్ పోసి రోలర్‌తో గాలి బుడగలు నొక్కి తీస్తే గట్టి పొర అవుతుంది. బట్ట బలమిస్తుంది, మ్యాట్ పొరను పొరకు పట్టించి ఉంచుతుంది. చదరపు మీటరుకు 450 గ్రాములు తూగే మ్యాట్ ఒక వరస వేస్తే సుమారు ఒక మిల్లీమీటరు మందం వస్తుంది. అమెరికాలో రే గ్రీన్ అనే ఆయన 1942లో చేసిన చిన్న పడవను తొలి ఫైబర్ పడవల్లో ఒకటిగా చెబుతారు. ఆ కాలపు పద్ధతికీ ఇప్పుడు కరీంనగర్‌లో ఫైబర్ తలుపులు చేసే షెడ్డులో పద్ధతికీ మూలంలో తేడా లేదు. కాబట్టి పనివాడి కోసం కాకినాడ దాకా పోనక్కర్లేదు. అయితే తలుపు చేసే మనిషికి పడవ ఎక్కడ బరువు మోస్తుందో చెప్పాలి. అది యజమాని పని.

పాత బోటు దగ్గరికి పోగానే చిన్న సుత్తి తీసుకుని అడుగంతా తట్టాలి. గట్టిగా ఉన్నచోట ఖణేల్ మంటుంది, పొరలు విడిపోయినచోట మొద్దు శబ్దం వస్తుంది. మొద్దుగా పలికినచోట సుద్దముక్కతో గీసుకోండి. పై రంగు పొరలో జుట్టంత సన్నని పగుళ్లు ఉంటే భయం లేదు. అవి ఒక మూల నుంచి చుట్టూ పరుచుకుని ఉంటే మాత్రం ఆ మూల ఊగుతోందని అర్థం. పొక్కుల్లో సూది గుచ్చితే పుల్లటి వాసన గల నీరు వస్తే, నీరు పొరల్లోకి దిగింది. ఆ బోటును నీడలో గాలికి వారాల తరబడి ఆరబెట్టాకే చేయి వేయాలి.

అన్నిటికంటే ముఖ్యమైన చోటు వెనుక పలక. ట్రాన్సమ్ అనేది దీన్నే. చూడటానికి అంతా ఫైబరే, కానీ చాలా బోట్లలో మధ్యన ప్లైవుడ్ ఉంటుంది. ఇంజన్ బోల్టుల కోసం, నీళ్లు పోయే గొట్టం కోసం ఎవరో ఎప్పుడో దానికి బెజ్జాలు వేసి, అంచులు మూయకుండా వదిలేసి ఉంటారు. ఆ బెజ్జం నుంచి నీరు ప్లైవుడ్‌లోకి దిగి ఏళ్ల తరబడి కుళ్లబెడుతుంది. పరీక్ష సులువు. ఇంజన్ తగిలించి ఉండగా, ప్రొపెల్లర్ ఉండే దాని కింది కాలును పట్టుకుని పైకీ కిందికీ బలంగా ఊపండి. పలక కదిలితే అయిపోయినట్టే. ఇంకా అనుమానముంటే లోపలి వైపు నుంచి సన్నని బెజ్జం వేసి పొట్టు చూడండి. పొడిగా లేత గోధుమ రంగులో వస్తే మంచిది. నల్లగా, తడిగా, ముద్దగా వస్తే పలక మార్చాలి. ఈ ఒక్క పరీక్షకు ఒప్పుకోని అమ్మకందారు దగ్గర కొనకపోవడమే మేలు.

పలక మార్చడం భయపడేంత పని కాదు కానీ తొందరపడే పని అసలే కాదు. బయటి ఫైబర్ పొరను ముట్టుకోకుండా లోపలి పొరను మాత్రం అంచు వెంట కోసి తీస్తారు. కుళ్లిన చెక్కంతా గీకి, బయటి పొర లోపలి ముఖాన్ని ముతక ఇసుక కాగితంతో గరుకుగా చేస్తారు. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ 18 మిల్లీమీటర్లవి రెండు అతికిస్తే 36 అవుతుంది, చిన్న ఇంజన్ బిగించే క్లాంపులకు సరిపోతుంది. మామూలు వాటర్‌ప్రూఫ్ ప్లై అని కొట్టువాడు ఇచ్చేది వాడొద్దు. రెజిన్‌లో పొడి గాజు పోగులు కలిపి చిక్కటి ముద్ద చేసి, ఆ ముద్దలో ప్లైవుడ్‌ను ఎక్కడా గాలి చిక్కకుండా నొక్కి కూర్చోబెట్టాలి. ఆ తర్వాత పలక, అడుగు, పక్కలు కలిసే మూలల్లో అదే ముద్దతో గుండ్రంగా పూత పెట్టాలి, ఎందుకంటే గాజు బట్ట నిలువు మూలలో మడత పడదు, కింద గాలి మిగులుతుంది. ఆపైన మ్యాట్, బట్ట వరసలు. మొదటి వరస మూల నుంచి 5 సెంటీమీటర్లు, తర్వాతది 10, ఆ తర్వాతది 15 వచ్చేలా పరిస్తే బరువు ఒకే గీత మీద పడదు. ఇంజన్ తోపుడంతా ఈ మూలల గుండానే పడవకు అందుతుంది. పలక ఎంత మంచిదైనా మూల అతుకు బలహీనమైతే ఫలితం లేదు.

అడుగులో చిల్లు పడ్డచోట చిన్న ముక్క అతికించి రంగు వేసేవాళ్లున్నారు. అది నిలవదు. పొర మందానికి 12 రెట్లు వెడల్పున చుట్టూ ఏటవాలుగా చెక్కాలి. పొర 6 మిల్లీమీటర్లయితే అన్ని వైపులా 7 సెంటీమీటర్లకు పైగా. కొత్త రెజిన్ పాతదానితో రసాయనికంగా కలవదు, గరుకుదనాన్ని పట్టుకునే ఉంటుంది. అందుకే ఈ చెక్కుడంతా.

ఇక మన ఎండ. మే నెలలో 44 డిగ్రీల దాకా పోయే చోట రెజిన్ గిన్నెలోనే గడ్డకడుతుంది. దానికి విరుగుడుగా, రెజిన్‌ను గట్టిపరిచే హార్డనర్‌ను మరీ తగ్గించేస్తారు. కిలో రెజిన్‌కు 10 గ్రాములకు తగ్గితే పొర పూర్తిగా గట్టిపడదు, ఎప్పటికీ. తగ్గించాల్సింది హార్డనర్ కాదు, ఒకసారి కలిపే రెజిన్. తెల్లవారుజామున, నీడలో, అరకిలో చొప్పున కలుపుకుంటే సరి. ఒక హెచ్చరిక మరీ ముఖ్యం: గట్టిపడటాన్ని వేగం చేసే కోబాల్ట్ యాక్సిలరేటర్‌నూ హార్డనర్‌నూ నేరుగా ఒకదాంట్లో ఒకటి కలపకూడదు, మంటో పేలుడో తప్పదు. ముందు ఒకటి రెజిన్‌లో బాగా కలిపాకే రెండోది. హార్డనర్ చుక్క కంట్లో పడితే చూపే పోవచ్చు. కళ్లద్దాలు, ముక్కుకు మాస్కు లేకుండానో, పిల్లల చేతనో ఈ పని చేయించే షెడ్లు కనిపిస్తే అక్కడ పని ఇవ్వకండి.

పలక గట్టిపడ్డాక ఇంజన్ మాట. నార్వే నుంచి అమెరికా వెళ్లిన ఓలే ఎవిన్‌రూడ్ 1909లో అవుట్‌బోర్డ్ మోటార్ల వ్యాపారం మొదలుపెట్టినప్పటి నుంచి దీని సూత్రం ఒకటే: ఇంజన్, గేర్లు, ప్రొపెల్లర్, చుక్కాని అన్నీ ఒకే ముక్కగా పడవ వెనక తగిలించడం. తగిలించే ఎత్తు తప్పితే మిగతావన్నీ తప్పుతాయి. ప్రొపెల్లర్‌కు కాస్త పైన అడ్డంగా ఒక రెక్క ఉంటుంది. ఆ రెక్క పడవ అడుగుతో సమంగా, లేదా ఒకటి రెండు సెంటీమీటర్లు కిందుగా ఉండాలి. పైకి పోతే ప్రొపెల్లర్ గాలి పీల్చి ఇంజన్ ఊరికే అరుస్తుంది. మరీ కిందికి పోతే నీళ్లు ఎగజిమ్ముతాయి, డీజిలో పెట్రోలో వృథా. అందుకే కాలు పొడవులు 15 అంగుళాలు, 20 అంగుళాలు, 25 అంగుళాలుగా చేస్తారు. ముందు వెనుక పలక ఎత్తు కొలిచి, తర్వాత ఇంజన్ కొనాలి. మనవాళ్లు తిరగేసి చేస్తారు, చౌకగా దొరికిన ఇంజన్ కోసం పలకను కోస్తారు. అలా కోసిన గాడి నుంచే వెనుక అల లోపలికొస్తుంది.

బ్రాకెట్ మీద మోజు ఇంకోటి. పలకకు రెండడుగుల ఇనుప లేదా అల్యూమినియం చట్రం బిగించి, దాని చివర ఇంజన్ పెడతారు. పడవలో చోటు పెరుగుతుంది, పలకలో గాడి అక్కర్లేదు, నీళ్లు ప్రొపెల్లర్‌కు ప్రశాంతంగా అందుతాయి. నిజమే. కానీ లెక్క చూడండి. 100 కిలోల ఇంజన్ నేరుగా పలక మీదుంటే దాని బరువు పలకకు సుమారు 25 సెంటీమీటర్ల వెనక పనిచేస్తుంది. 60 సెంటీమీటర్ల బ్రాకెట్ పెడితే 85 సెంటీమీటర్ల వెనక. పలకను వంచే బలం మూడు రెట్లు దాటింది, ఇంజన్ మాత్రం అదే. పైగా పడవ వెనక్కి కూర్చుంటుంది. అలల దెబ్బలు దీనికి అదనం. అలాంటి చట్రం పెట్టాలంటే పలక నుంచి అడుగులోని నిలువు దూలాల దాకా మోకాళ్ల లాంటి ఊతలు కట్టాలి. పాత బోటుకు అది సగం కొత్త బోటు కట్టినంత పని. మిడ్ మానేరు బోటుకు నేను బ్రాకెట్ వద్దనే అంటాను.

రెండు ఇంజన్లు పెడితే భద్రమని ఇంకొందరి నమ్మకం. సముద్రంలో ఒడ్డు కనపడనంత దూరం పోయేవాళ్లకు అది నిజం, అదీ రెండిటికీ వేరువేరు ఇంధనం, వేరువేరు బ్యాటరీ ఉంటేనే. ఒకే ట్యాంకు నుంచి రెండూ తాగితే చెత్త ఇంధనం రెండిటినీ ఒకేసారి ఆపుతుంది. జలాశయంలో రెండో ఇంజన్ బరువుకు బదులు రెండు తెడ్లు, ఒక లంగరు చాలు. వేగం పెరుగుతుందా అంటే, నీటిని చీల్చుకుంటూ పోయే 6 మీటర్ల పడవ వేగానికి హద్దు గంటకు సుమారు 11 కిలోమీటర్లు. ఆ వేగానికి 8 నుంచి 10 హార్స్ పవర్ చాలు. దాన్ని దాటాలంటే పడవ నీటి పైకి లేవాలి. దానికి అడుగు చదునుగా, బరువు తేలికగా ఉండాలి, అప్పుడు హార్స్ పవర్ చాలా పెంచాలి. మనుషుల్నీ వలల్నీ నింపుకున్న బోటు లేవదు, ఇంధనం మాత్రం తాగుతుంది.

ఇంకో దారి కోస్తా నుంచి నేర్చుకోవచ్చు. అక్కడ చాలా ఫైబర్ పడవల్లో చిన్న డీజిల్ ఇంజన్‌కు పొడవాటి షాఫ్ట్ తగిలించి, చివర ప్రొపెల్లర్ పెట్టి నడుపుతారు. ఇసుక తగిలితే, వల అడ్డొస్తే షాఫ్ట్‌ను చేత్తో పైకెత్తేస్తారు. బరువు పడవ లోపల ఉంటుంది, వెనుక పలక మీద వేలాడదు. చప్పుడు ఎక్కువ, చేతులకు అదురు ఎక్కువ, మలుపు కష్టం. అయినా మిడ్ మానేరు నీళ్లు తగ్గినప్పుడు మునిగిన ఇళ్ల గోడలు, మొద్దులు బయటపడే చోట చేపలు పట్టేవాళ్లకు అవుట్‌బోర్డ్ కంటే ఇదే నాకు నచ్చుతుంది. అవుట్‌బోర్డే కావాలంటే, మొద్దో గోడో తగిలితే పైకి లేచేలా టిల్ట్ తాళం వదులుగా ఉంచి నడపాలి. రివర్స్ వేసేటప్పుడు మాత్రం తాళం పడి ఉండాలి.

ఏ బెజ్జమైనా ఒకే పద్ధతి. కావాల్సినదాని కంటే పెద్దగా వేసి, రెజిన్ ముద్దతో పూర్తిగా నింపి, గట్టిపడ్డాక మధ్యలో సరైన కొలతకు మళ్లీ వేయాలి. అప్పుడు బోల్టు చుట్టూ రెజిన్ ఉంటుంది, చెక్క ఉండదు. స్టెయిన్‌లెస్ బోల్టు, లోపలి వైపు దానికి వెడల్పాటి బిళ్ల, పాలియురేథేన్ సీలెంట్ వాడాలి. క్లాంపుల బిగింపు మీదే నమ్మకం పెట్టుకుని బోల్టు వేయని ఇంజన్లు నీళ్లలో పడిపోయిన సంగతి ప్రతి రేవులోనూ వినవచ్చు.

ప్రయాణికుల్ని ఎక్కించే బోటయితే ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం, 2021 కింద సర్వే, నమోదు తప్పనిసరి. మనిషికో లైఫ్ జాకెట్ ఉండాలి. సర్వేకు పోయే ముందే పలక పని పూర్తి చేసుకోండి. రెజిన్ పనికి మన జిల్లాలో ఫిబ్రవరి బాగుంటుంది. వాన ఉండదు, ఎండ ముదరదు, జలాశయంలో నీళ్లు తగ్గుముఖం పట్టి బోటును ఒడ్డుకు లాగడం సులువవుతుంది. పాత బోటు కొనాలనుకునేవాళ్లు సుత్తి ఒకటి, కొలత టేపు ఒకటి వెంట తీసుకుపోండి. ఇంజన్ బేరం ఆ తర్వాత.