లండన్ రెగ్గేకి గొంతు ఇచ్చిన బోవెల్

రెగ్గే జమైకాలో పుట్టిన సంగీతం. 1970లలో లండన్‌లో తయారైన రెగ్గే రికార్డును అక్కడి రెగ్గే అభిమానులే నమ్మేవారు కాదు. అసలు సరుకు జమైకా నుంచి దిగాలి, మిగతాదంతా నకలే అని వాళ్ల పట్టుదల. అక్కడి సంగీతకారుడు డెన్నిస్ బోవెల్ దీనికో ఉపాయం పన్నారు. తన మతుంబి బృందం వాయించిన సంగీతాన్నే ఫోర్త్ స్ట్రీట్ ఆర్కెస్ట్రా అనే మారుపేరుతో, జమైకా సరుకులా కనబడేట్టు విడుదల చేశారు. జనం ఎగబడి కొన్నారు. లోపం సంగీతంలో లేదని తేలిపోయింది.

నిజానికి బోవెల్‌ది జమైకా కూడా కాదు. 1953లో బార్బడోస్‌లో పుట్టి, పన్నెండేళ్ల వయసులో లండన్ చేరారు. రెగ్గే ఆయనకు అబ్బింది లండన్‌లోని వలస కుటుంబాల మధ్యే. భారీ స్పీకర్లతో హాళ్లలో రికార్డులు మోగించే జా సఫరర్ సౌండ్ సిస్టమ్ ఆయనదే. 1974లో ఒక రాత్రి అది మోగుతున్న క్లబ్బు మీద పోలీసులు దాడి చేశారు. కోర్టు బోవెల్‌కి మూడేళ్ల శిక్ష వేసింది. ఆరు నెలలు జైల్లో గడిపాక, అప్పీలులో ఆ శిక్ష రద్దయింది. పోయిన ఆ ఆరు నెలలు ఎవరు తిరిగిస్తారు?

ఆయన పనితనం తెలియాలంటే రెగ్గే నడక తెలియాలి. నాలుగు దెబ్బల ఆవర్తంలో మొదటి దెబ్బను డ్రమ్ము వదిలేస్తుంది, బరువంతా మూడోదాని మీద పడుతుంది. గిటారు రెండు, నాలుగు దెబ్బల మీద తుంచినట్టు పలుకుతుంది. పాటను నడిపించేది బేస్ గిటారు. డబ్ అనే ప్రక్రియలో రికార్డయిన పాటనే మళ్లీ మిక్సింగ్ బల్ల మీదికి తెస్తారు. గొంతును తీసేస్తారు, గిటారును ఒక్క క్షణం వినిపించి ఆపేస్తారు, ఆ ముక్కకు ప్రతిధ్వని తగిలిస్తారు. చివరికి డ్రమ్ము, బేస్, వాటి మధ్య ఖాళీ మిగులుతాయి. ఏది ఎప్పుడు తీసేయాలో తెలియడమే ఇందులో విద్య. బోవెల్‌కి అది చేతివేళ్లలో ఉంది. స్లిట్స్ అనే అమ్మాయిల పంక్ బృందం తొలి ఆల్బమ్ 'కట్'కి నిర్మాత కూడా ఆయనే.

ఇదే చెయ్యి మెత్తగానూ పలికింది. లండన్‌లోనే పుట్టిన ప్రేమగీతాల రెగ్గే, లవర్స్ రాక్. ఆ కోవలో బోవెల్ రాసి, జానెట్ కే పాడిన 'సిల్లీ గేమ్స్' 1979లో బ్రిటన్ పాటల పట్టికలో రెండో స్థానానికి చేరింది. అందులో ఒకచోట స్వరం అందనంత ఎత్తుకు లేస్తుంది. కావాలనే పెట్టారు. డాన్స్ హాల్లో ఉన్న ఆడవాళ్లంతా దాన్ని అందుకోవాలని పోటీపడతారని ఆయన ఊహ. అలాగే జరిగింది. 2020లో దర్శకుడు స్టీవ్ మెక్వీన్ తీసిన 'లవర్స్ రాక్' సినిమాలోనూ జనం గుంపుగా ఆ స్వరాన్నే పాడతారు. ఆ గుంపులో బోవెల్ కూడా ఉన్నారు.

నా దృష్టిలో ఆయన గొప్ప పని మాత్రం కవి లింటన్ క్వేసి జాన్సన్‌తో చేసినదే. జమైకాలో పుట్టి లండన్‌లోని బ్రిక్స్టన్‌లో పెరిగిన జాన్సన్ తన జనం మాట్లాడే జమైకన్ యాసలో, పోలీసు వేధింపుల గురించి, వలస బతుకుల గురించి కవిత్వం చెబుతారు. ఆ మాటల లయను బోవెల్ వాద్యాలు పాటగా మార్చేయవు. ఊపిరి తీసే చోటు వదిలి, వెన్నంటి నడుస్తాయి. 1980లో వచ్చిన వాళ్ల ఆల్బమ్ 'బేస్ కల్చర్' ముందు వినండి. తర్వాత అదే ఏటి 'ఎల్కేజే ఇన్ డబ్' (ఎల్కేజే అంటే జాన్సన్ పేరులోని పొడి అక్షరాలు). అందులో జాన్సన్ కవితల సంగీతాన్నే, గొంతు చాలావరకు తీసేసి అమర్చారు. ఫోన్ స్పీకర్లో వద్దు, బేస్ బాగా పలికే పెద్ద స్పీకర్ల మీద వినండి. ఫోన్లో ఈ సంగీతం సగం వినబడదు.