పండుగ వాళ్లది, పని మనది: చేవెళ్ల నుంచి అమెరికాను చదివితే

అమెరికా మా దిక్కుకు రెండు తోవల్ల వచ్చింది. ఒకటి వీసా తోవ. ఇంకొకటి పుస్తకాల తోవ.

మొదటిది అందరికీ కనబడుతుంది. మొయినాబాద్ మండలం చిలుకూరు బాలాజీకి వీసా దేవుడని పేరు పడిపోయింది. మొక్కుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, మొక్కు తీరినంక 108. గుడి చుట్టూ తిరిగేవాళ్లలో ఇంజనీరింగ్ పిల్లలు ఎంతోమంది. వాళ్లు మొక్కుకునే అమెరికాలో జీతం ఉంటుంది, కారు ఉంటుంది, మంచు కురుస్తుంది. మనుషుల్ని వేలం వేసిన బజారు ఉండదు. భూముల్లోంచి తరిమేసిన ఆదివాసులు ఉండరు.

రెండో తోవ ఇరుకుది. దాన్ని మా వాడల పిల్లలు ఒకరి వెనక ఒకరు నడిచి వేసుకున్నారు. నేను రాస్తున్నది ఆ తోవ గురించి.

చేవెళ్ల పక్క పల్లెలో మాదిగవాడలో పుట్టిన. నాయిన డప్పు కొట్టిండు, చెప్పులు కుట్టిండు. అవ్వ కూలికి పోయింది. బీజాపూర్ రోడ్డు మర్రిచెట్ల కింద బస్సు కోసం నిలబడి, మెహదీపట్నంలో దిగి, ఇంకో బస్సు పట్టుకుని ఎం.ఏ. ఇంగ్లీషు చదివిన. అమెరికన్ సాహిత్యం అందులో ఒక పేపరు. ఎమర్సన్, థోరో, హాథార్న్, ఫ్రాస్ట్. థోరో వచ్చినప్పుడల్లా సార్లు గాంధీని తెచ్చేవాళ్లు. 1913 నుంచి 1916 దాకా న్యూయార్క్‌లో కొలంబియా యూనివర్సిటీలో చదివిన అంబేడ్కర్ పేరు మాత్రం ఆ పేపర్లో ఒక్కనాడూ వినబడలేదు. 1916 మే నెలలో అక్కడ కూర్చునే కులం పుట్టుక మీద పత్రం చదివిన మనిషి అమెరికన్ చదువులకు బయటోడు ఎట్లయితడు?

అప్పట్లో ఉస్మానియా క్యాంపస్‌లో అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ ఉండేది. 1964లో పెట్టిన్రు. కోల్డ్‌వార్ రోజుల్లో తన గొప్ప చెప్పుకోవాలని అమెరికా పంపిన పుస్తకాల్లోనే దాని గుట్టు విప్పే పుస్తకాలూ వచ్చినయి. ఫ్రెడరిక్ డగ్లస్, హారియట్ జేకబ్స్ నాకు అక్కడే దొరికిన్రు. డగ్లస్ మీద డిజర్టేషన్ రాస్తానని అడిగితే, నేను చదివిన చోట ఒక పెద్ద సారు కొట్టిపారేసిండు. 'అది సాక్ష్యమోయ్, సాహిత్యం కాదు' అన్నడు. ఆ మాట ఇప్పటికీ చెవుల్లోంచి పోలేదు. ఎందుకంటే తర్వాత దళితుల స్వీయకథలు తెలుగులో అచ్చయిన ప్రతిసారీ అదే మాట మళ్లీ వినబడింది. వస్తువు బాగుంది, శిల్పం లేదు. బాధ ఉంది, సాహిత్యం లేదు.

ఈ తీర్పు ఎక్కడ పుట్టిందో చూద్దాం. బానిసకు రాయడం నేర్పితే నేరమని 1740లోనే సౌత్ కరోలినా చట్టం చేసింది. తపస్సు చేసినందుకు తల పోగొట్టుకున్న శంబూకుణ్ణి ఎరిగిన మనకు ఆ చట్టం కొత్తగా అనిపించదు. 1845లో డగ్లస్ తన జీవితం రాసుకుంటే ముందర ఇద్దరు తెల్లవాళ్ల మాటలు పెట్టి అచ్చేశారు. గారిసన్ ఒకరు, వెండెల్ ఫిలిప్స్ ఒకరు. వాళ్లు మంచివాళ్లే, బానిసత్వం మీద కొట్లాడినవాళ్లే. కానీ నల్లవాడి మాట నిజమని తెల్లవాడు ముద్ర కొట్టాలి. తానే రాసుకున్నానని అట్ట లోపల వేసుకోవాలి. జేకబ్స్ సంగతి ఇంకా ఘోరం. యజమాని కంట పడకుండా దాదాపు ఏడేండ్లు అమ్మమ్మ ఇంటి అటకలో నక్కి బతికిన ఆడమనిషి. 1861లో పుస్తకం వేసింది. అది ఆమె రాసింది కాదని, కల్పన అని పండితులు వందేండ్లకు పైగా పక్కన పెట్టిన్రు. 1980లలో జీన్ ఫేగన్ యెల్లిన్ ఉత్తరాలు, దస్తావేజులు తీసి రుజువు చేస్తే గానీ ఆమె కథ ఆమెది కాలేదు.

మన పుస్తకాలు తీసి చూడండి. ముందుమాటలు ఎవరు రాసిన్రో లెక్కబెట్టండి. ఆ లెక్కలో విమర్శ చరిత్ర మొత్తం ఉంది.

సాక్ష్యం సాహిత్యం ఎట్లయితదో చూడాలంటే పండుగల దగ్గరికి పోవాలి. ఏ దేశమైనా తన గురించి తాను చెప్పుకునే పెద్ద కథ పండుగే. ఆ కథలో చోటు దొరకనోడు చెప్పుకునే కథ స్వీయచరిత్ర. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవడమే నా దృష్టిలో విమర్శ.

జూలై 4 అమెరికా స్వాతంత్ర్య దినం. 1852లో రోచెస్టర్ పట్నంలో ఆ పండుగ సందర్భంగా మాట్లాడమని డగ్లస్‌ను పిలిచిన్రు. ఆయన నాలుగో తారీఖున కాకుండా ఐదున మాట్లాడిండు. బానిసకు మీ పండుగతో పనేమిటని నిలదీసిండు. తాను తప్పించుకొచ్చిన బతుకును రుజువుగా పెట్టి ఒక దేశపు పండుగను విమర్శించిండు. దీనికి శిల్పం లేదనే మనిషికి శిల్పమంటే తెలియదనుకోవాలి.

థాంక్స్‌గివింగ్ సంగతీ అంతే. 1621లో ప్లిమత్‌లో వలసొచ్చిన తెల్లవాళ్లు, వాంపనోగ్ ఆదివాసులు కలిసి తిన్న పంట విందు దానికి మూలమంటరు. దాన్ని ఏటేటా జరిపే జాతీయ పండుగగా నిలబెట్టింది 1863లో లింకన్ ప్రకటన. మధ్యలో జరిగింది పిల్లల పుస్తకాల్లో సాధారణంగా ఉండదు. విందు తిన్న యాభై ఐదేండ్లకే, 1676లో, ఆ వాంపనోగ్ నాయకుడు మెటకామ్‌ను చంపి, ఆయన తలను అదే ప్లిమత్‌లో గుంజకు గుచ్చి ఏండ్ల తరబడి నిలబెట్టిన్రు. 1970లో ఒక విందులో మాట్లాడమని వాంపనోగ్ మనిషి వామ్‌సట్టా ఫ్రాంక్ జేమ్స్‌ను పిలిచి, ఆయన రాసుకొచ్చింది ముందే చదివి వద్దన్నరు. ఆ ఏటి నుంచి అదే రోజును ఆదివాసులు శోకదినంగా పాటిస్తున్నరు. ఒకే తారీఖు, రెండు క్యాలెండర్లు.

జూన్‌టీన్త్ మాకు ఇంకా దగ్గర. 1863 జనవరి 1న విముక్తి ప్రకటన వచ్చింది. టెక్సాస్‌లోని గాల్వెస్టన్ బానిసలకు ఆ మాట సైన్యం వెంట చేరింది 1865 జూన్ 19న. రెండున్నర ఏండ్లు ఆలస్యం. అది దేశమంతటి సెలవు దినమైంది 2021లో. మా చేవెళ్ల నిజాం రాజ్యంలో ఉండేది. 1947 ఆగస్టు 15 మాకు 1948 సెప్టెంబర్ 17న వచ్చింది. అది కూడా ఊరి గడీ దాకా వచ్చి ఆగింది. వాడ దాకా రావడానికి ఇంకెన్నేండ్లు పట్టిందో మా ముసలోళ్లను అడిగితే చెప్తరు.

పండుగ వెనక పని ఎవరిదనే ప్రశ్న మాత్రం నాకు పుస్తకాల్లోంచి రాలేదు. 1991 తర్వాత ఉపగ్రహ చానెళ్లు ఇండ్లల్లకు వచ్చినయి. వాటి వెంట ప్రేమికుల రోజు వచ్చింది. ఆ రోజు పేరు యూరప్‌ది, దాన్ని కార్డుల బేరంగా పెంచి పెద్దచేసింది అమెరికా. చేవెళ్ల, మొయినాబాద్ దిక్కు గులాబీ తోటలు పెరిగినయి. మా అవ్వ ఆ తోటల్లో పూలు కోసింది. పొద్దు పొడవకముందే కోయాలె. ఎండెక్కితే మొగ్గ విచ్చుకుంటది, ధర పోతది. ముండ్లు దిగిన వేళ్లకు పసుపు పెట్టుకునేది. ఒక ఫిబ్రవరిలో నన్నడిగింది: 'ఇన్ని పూలు ఏ దేవునికి పోతయిరా కొడుకా?' సంస్కృతి గురించి ఇంతకు పదునైన ప్రశ్న నేను ఏ క్లాసులోనూ వినలేదు. వస్తువు ఎవరి చేతుల్లోంచి వచ్చి ఎవరి చేతుల్లోకి పోతుంది, మధ్యలో ఎవరి పేరు చెరిగిపోతుంది? ఆ ప్రశ్న పట్టుకుని టీవీ చూడండి, సినిమా చూడండి, కవిత చదవండి.

పత్రికలనూ అట్లనే చూడాలి. తమ మాట తామే చెప్పుకుంటామని నల్లవాళ్లు 1827లో న్యూయార్క్‌లో 'ఫ్రీడమ్స్ జర్నల్' పెట్టిన్రు. 1920లో అంబేడ్కర్ 'మూక్‌నాయక్' పెట్టిండు. 1989లో బొజ్జా తారకం సంపాదకుడిగా తెలుగులో 'నలుపు' వచ్చింది. ఆ పేరే ఒక ప్రకటన. 2003లో గోగు శ్యామల దళిత స్త్రీల రచనలు కూర్చి 'నల్లపొద్దు' అని పేరు పెట్టింది. ఆమెది మా తోవలోనే, తాండూరు దిక్కు పెద్దేముల్.

ఇక్కడే ఒక నింద వినబడుతది. దళిత సాహిత్యం అమెరికా నుంచి దిగుమతి అయిందట. నల్లజాతి కవిత్వానికి నకలట. అలెక్స్ హేలీ 'రూట్స్' 1976లో వచ్చింది. దాన్ని సహవాసి 'ఏడు తరాలు'గా తెలుగు చేస్తే హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. నిజమే, మా హాస్టళ్లల్ల ఆ పుస్తకం అట్టలూడేదాకా చేతులు మారింది. 1966లో ఓక్లాండ్‌లో బ్లాక్ పాంథర్లు పుట్టిన్రు, 1972లో బొంబాయిలో దళిత పాంథర్లు పుట్టిన్రు. ఇందులో దాచాల్సిందేముంది? 1873లోనే ఫూలే తన 'గులాంగిరి'ని బానిసత్వాన్ని రద్దు చేసిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చిండు. 1946లో అంబేడ్కర్ డుబాయ్‌కు ఉత్తరం రాసి, ఐక్యరాజ్యసమితికి నల్లవాళ్లు పెట్టుకున్న అర్జీ ప్రతులు అడిగిండు. షెల్లీని, కీట్స్‌ను తెచ్చుకుంటే భావకవిత్వం, మార్క్స్‌ను తెచ్చుకుంటే అభ్యుదయం. మేము డగ్లస్‌ను తెచ్చుకుంటే నకలా?

అయితే మనలోపల మనం మాట్లాడుకోవాల్సింది కూడా ఉంది. అమెరికాలో తోలు రంగు దూరం నుంచే కనబడుతది. కులం కనబడదు, అందుకే అడుగుతరు. ఊరేది, ఇంటిపేరేంది, ఇల్లు ఏ దిక్కు? ఈ అడుగుడులోని హింసను ఏ అమెరికన్ పుస్తకమూ మనకు రాసిపెట్టదు. మన కవుల్లో కొందరు సంకెళ్లు, కొరడాలు, పత్తి చేన్లు అరువు తెచ్చి రాసిన్రు. మా నాయిన చిన్నప్పుడు దొర దగ్గర జీతమున్నడు. ఆయన కాలికి సంకెల లేదు, అప్పు కాగితం ఉంది. 'బానిస' అనే మాట దాన్ని చెప్పలేదు. 'జీతగాడు' అనే మాట చెప్తది. నల్లజాతి రచయితల దగ్గర నేర్చుకోవాల్సింది వాళ్ల మాటలు కాదు, తమ మాటల్ని దాచుకోకుండా రాసిన ధైర్యం.

ఇంకొక సంగతి. అమెరికా పోతే కులం పోతదనుకునే పిల్లలు మన వాడల్లోనూ ఉన్నరు. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది, అమెరికాలో ఆ పని చేసిన మొదటి నగరం అదే. లేని రోగానికి మందెవరు తయారు చేస్తరు? కాలిఫోర్నియా శాసనసభ అట్లాంటిదే బిల్లు పాస్ చేస్తే, ఆ ఏడు అక్టోబర్‌లో గవర్నర్ వీటో చేసిండు. వీసా తీసుకుని పోయినోళ్లు ఆవకాయ జాడీతో పాటు కులాన్నీ మోసుకపోయిన్రు. అక్కడ కూడా ఊరేది, ఇంటిపేరేంది అనే అడుగుతున్నరు.

అందుకే తమ్ముళ్లారా, చెల్లెండ్లారా, అమెరికాను చదవండి. పోదలిస్తే పోండి. పోయినా, ఇక్కడే ఉన్నా రెండు క్యాలెండర్లు దగ్గర పెట్టుకోండి. డిసెంబర్ 25న మన వాడ చర్చిల్ల నక్షత్రాలు కడతరు. 1927లో అదే తారీఖున మహద్‌లో మనుస్మృతిని కాల్చిన్రు. రెండు వెలుగులూ మనవే. ఏ పండుగ దగ్గరైనా నిలబడి అడగండి: వండింది ఎవరు, ఊడ్చింది ఎవరు, పిలవనిది ఎవర్ని? జవాబు దొరికితే రాయండి. మీ అవ్వ చేతికి దిగిన ముండ్ల లెక్క రాయండి. ఆ పుస్తకానికి ముందుమాట కూడా మీరే రాసుకోండి.