దూత యోగ్యత: ‘గబ్బిలము’, ‘డామ్నేషన్ ఆలీ’

సందేశమును మోయువానికి యోగ్యత యేది యను ప్రశ్న సాహిత్యమున ప్రాచీనమైనది. కాళిదాసు మేఘమును, శ్రీనాథుడు హంసను దూతలుగా గైకొనిరి. రెండును జనులు మెచ్చినవే. సంఘము ఏవగించుకొను దూతను గైకొన్న రచనలు అరుదు. అట్టివి రెండు ఇచట పరిశీలింపదగియున్నవి: గుఱ్ఱం జాషువ ‘గబ్బిలము’ (1941), అమెరికా రచయిత రోజర్ జెలాజ్నీ ‘డామ్నేషన్ ఆలీ’ (1969).

జెలాజ్నీ నవలయందలి అణుయుద్ధము చరిత్రలో జరుగలేదు. హిరోషిమా, నాగసాకీల దహనమును (1945) చూచిన తరమునకు అది అసంభవముగ తోచలేదు. యుద్ధానంతరము బోస్టను నగరమున మహామారి చెలరేగును. మందును లాస్ ఏంజిల్సునుండి పాడుపడిన దేశము మీదుగా చేర్చుటకు హెల్ టానరను నేరస్థుని నియోగింతురు. ప్రతిఫలము క్షమాభిక్ష. సంఘమునకు అతడన్న ఏవగింపు. అతనికిని మర్యాదస్థులన్న అంతే ఏవగింపు. బోస్టను ప్రజలపై అతనికి ప్రేమ లేదు. అయినను సహచరుడు వెనుకకు మరలుదమన్నపుడు ఇతడు ఒప్పుకొనడు. నవలలో ఉత్తమ ఘట్టమిదియే. కాని ఆ పట్టుదల యెచటనుండి వచ్చెనో రచయిత విప్పి చూపడు. యంత్రవాహనముల వేగమునకే పుటలనిచ్చెను. ఇది లోపము.

నవలలోని మందునకు ‘హాఫికైన్’ అని పేరు. ఇది మనకు పరాయి పేరు కాదు. ఒడెస్సాలో పుట్టిన యూదుడు వాల్డెమార్ హాఫ్కిన్ 1897 జనవరి 10న బొంబాయిలో తాను చేసిన ప్లేగు టీకాను తన దేహముపైననే ప్రయోగించుకొనెను. 1902లో పంజాబునందలి ముల్కోవాలులో టీకా వేయించుకొన్న 19 మంది ధనుర్వాతముచే మరణింపగా నింద ఆయనపై పడెను. నిర్దోషియని తేలుటకు 1907 వరకు పట్టెను. 1925లో బొంబాయి పరిశోధనశాలకు ఆయన పేరు పెట్టిరి. టీకాను నమ్మిన లోకము దానిని తెచ్చినవానిని శంకించినది.

జాషువ మార్గము వేఱు. ఆలయప్రవేశము లేని తంజావూరి పేద చర్మకారుడు తన గోడును కాశీనాథునకు విన్నవింప గబ్బిలమును పంపును. అశుభమని తరిమివేయబడు గబ్బిలమునకు గుడిలో చోటున్నది, మనుష్యునకు లేదు. ఇచట దూత తన్ను తాను సంస్కరించుకొని క్షమ పొందనక్కరలేదు. తీర్పు సంఘముపైననే పడును. జెలాజ్నీ సంఘము ఉపకారము పొందిన పిదప టానరునకు విగ్రహమెత్తును. అతడు అచట నిలువక పోవును. ఉపయోగమును బట్టి యిచ్చు గౌరవము బేరమే గాని గౌరవము కాదని ఆ ముగింపు తెలుపుచున్నది. జాషువ ఆ బేరమును ఆదిలోనే నిరాకరించెను. కావుననే ‘గబ్బిలము’ అధికతరమైన రచన.

షోలాపురపు నేతపేటలలో ఈ విచారణ నిరర్థకము కాదు. తెలంగాణమునుండి వలసవచ్చిన పద్మశాలీల మగ్గములపై నేయబడిన చాదరు దేశమంతట మన్నన పొందినది. 2005లో దానికి భౌగోళిక గుర్తింపును లభించినది. చాదరు కప్పుకొన్నవారు దానిని నేసిన చేతులను, బజారునకు మోసిన భుజములను తలంతురా? వస్తువును మెచ్చి మనిషిని మఱచుట బోస్టను విగ్రహము వంటిదే. మనుష్యుని యోగ్యత అతడు తెచ్చిన మూటలో లేదు. అతడు మనుష్యుడగుటయందే యున్నది.