వడ్లును బియ్యమును

మా హుస్నాబాదులో రైసుమిల్లు ముంగిట నిలుచుండి చూచు బాలునకైనను తెలియు సంగతి యొకటి గలదు: మరలోనికి పోవునది వడ్లు, వెలుపలికి వచ్చునది బియ్యము, బియ్యమును వండుకొనవచ్చును గాని విత్తుకొనరాదు. కంప్యూటరు లోకమునను ఇట్టి భేదమే యున్నది. మనము కొనునదియు, ఫోనులోనికి దించుకొనునదియు నగు సాఫ్టువేరు బియ్యము వంటిది. అది వెంటనే పనికివచ్చును గాని, లోపల నేమున్నదో చదువుటకును, మన అక్కఱకు తగినట్లు మార్చుకొనుటకును వీలుకాదు. దానిని నిర్మించినవారు మనుష్యులు చదువదగిన రీతిని వ్రాసికొన్న మూలపాఠము, అనగా సోర్సుకోడు, వడ్లు. ఆ వడ్లను తెచ్చుకొని యింటనే దంపుకొను ఆచారమును ఆ వృత్తిలోనివారు ‘సోర్సు నుండి బిల్డు చేయుట’ యందురు.

ఈ ఆచారమునకు ధర్మశాస్త్రము వ్రాసినవాడు రిచర్డు స్టాల్మన్. 1983లో అతడు ‘గ్ను’ అను పేర స్వేచ్ఛా సాఫ్టువేరు నిర్మాణమును ప్రకటించి, 1987లో మూలపాఠమును యంత్రభాషలోనికి మార్చు జీసీసీ యను కంపైలరును వదలెను. 1991లో ఫిన్లండు విద్యార్థి లినస్ టోర్వాల్డ్సు ఆరంభించిన లినక్సు దానికి తోడయ్యెను. హైదరాబాదున ‘స్వేచ్ఛ’ యను సంస్థ తెలుగున మాటాడు లినక్సును సిద్ధపఱచినది ఈ కోవలోనిదే. చరిత్ర యింతటితో చాలును; దంపుడు సంగతి చూతము.

మా వీధిలోని విశ్రాంత తెలుగు పండితులొకరు ఒకనాటి సాయంకాలము ధర్మపురి శేషప్ప కవి నరసింహశతకపు పాత ప్రతి నొకదానిని చేతిరుమాలున చుట్టి తెచ్చి, “బిడ్డా, పట్టుకుంటెనే కాయితం పొడి పొడి అయితున్నది, నీ కంప్యూటర్ల ఎక్కించరాదు?” అనిరి. అచ్చుపుటల ఛాయాచిత్రములనుండి అక్షరములను గుర్తించు ‘టెస్సరాక్ట్’ అను పనిముట్టు నాకు గుర్తునకు వచ్చినది. హ్యూలెట్ పాకార్డు సంస్థలో 1985లో పుట్టి, 2005లో మూలపాఠముతో సహా లోకమునకు విడువబడి, పిమ్మట గూగులు పోషణమున పెరిగిన ఈ సాఫ్టువేరు 2018లో వెలువడిన నాలుగవ రూపమున క్రొత్త అభ్యసనపద్ధతి నవలంబించినది. నా పాత యంత్రముననున్న ఉబుంటు 16.04 అను లినక్సు అంగడిలోనో మూడవ రూపమే దొరకుచుండెను. క్రొత్తది కావలయునన్న దంపుకొనుటయే గతి.

దంపుడున మూడు ఆజ్ఞలు ముఖ్యములు. మొదటిది ‘కాన్ఫిగర్’: అది యిల్లంతయు కలయదిరిగి, రోలున్నదా, రోకలున్నదా, చాట యున్నదా యని విచారించును. నా యంత్రమున బొమ్మలను శుద్ధిచేయు ‘లెప్టోనికా’ 1.73వది యుండగా, కాన్ఫిగర్ 1.74 గాని అంతకు మించినది గాని లేనిదే కదలనని మొండికేసినది. కావున మొదట లెప్టోనికాను దంచితిని. రోలు కొఱకు రాయి చెక్కుట యనుకొనుడు. రెండవది ‘మేక్’. దీనిని 1976లో బెల్ ల్యాబ్సులో స్టువార్ట్ ఫెల్డ్‌మన్ రచించెను. ఒక్కొక్క మూలఫైలును, దాని నుండి పుట్టిన ఫైలును ప్రక్కప్రక్కన నుంచి, ఏది ముందు మార్పు పొందినదో కాలముద్రనుబట్టి తెలిసికొని, పాతబడినవానినే మరల కంపైలు చేయుట దీని ప్రజ్ఞ.

ఈ ప్రజ్ఞయే నన్నొక రాత్రి మోసగించినది. తెరపై వరుసలు దొర్లుచుండగా కరెంటు పోయినది. అది తిరిగి వచ్చిన పిమ్మట మేక్ అయినంతవఱకు వదలి, మిగిలినది అందుకొని చకచక సాగి, తుదిని ముక్కలన్నిటిని కూర్చుచోట, ఒక ఫైలు మధ్యలో తెగిపోయినదని ఫిర్యాదు చేసి నిలిచిపోయెను. కరెంటు పోయిన క్షణమున వ్రాయబడుచున్న ముక్క సగమే పడియుండెను. కాని దాని కాలముద్ర మూలముకంటె క్రొత్తది గావున మేక్ దానిని పూర్తి యయినదని నమ్మినది. ఆ యొక్క ఫైలును చెఱిపి మరల మేక్ అనగానే పని చక్కబడినది. బియ్యము కొనుక్కొన్నవాడు ఇట్టి తప్పును కనుగొనునా? తయారుసరకు చెడిన మనము దుకాణదారు దయకై కాచుకొందుము. ఇచట తప్పు పేరు, ఊరు తెరమీద నిలిచియున్నది.

మూడవ యాజ్ఞ ‘మేక్ ఇన్‌స్టాల్’ ముక్కలను వానివాని చోట్ల నుంచును. పిమ్మట ‘ఎల్‌డీకాన్ఫిగ్’ అనుట మఱచితినేని, కన్నెదుట నున్న లైబ్రరీ ఫైలు దొరకలేదని యంత్రము నిలుచును; నేను మఱచితిని.

తెలుగునకు ఈ విద్య ఏల యన్నచో, ‘స్త్రీ’ యను అక్షరమును చూడుడు. కంటికి ఒక్కటియే, యూనికోడు లెక్కలో సకారము, హలంతము, తకారము, మరల హలంతము, రేఫ, ఈత్వము, వెరసి ఆరు. ఆ ఆఱింటిని ఒక్క రూపముగా పేర్చు పనిముట్టు ‘హార్ఫ్‌బజ్’ సైతము సోర్సుకోడుతో లభించును. దాని నామము పారసీకము. నైజాము కాలపు చదువరులకు ‘హర్ఫ్’ అనగా అక్షరమని చెప్పనక్కఱలేదు. మన వత్తులు తప్పుగా పడినపుడు పరాయిదేశపు సంస్థకు విన్నపము పంపి కూర్చుండక, మూలపాఠమున తప్పిన పంక్తిని మనమే దిద్ది పంపవచ్చును.

అయితే ఇంట దంచినంతమాత్రమున సర్వము నిర్దుష్టమని భ్రమపడరాదు. 2024 మార్చిలో ‘ఎక్స్‌జెడ్’ యను పనిముట్టున దొంగదారి బయటపడినది. విషపు తుది కీలు అందఱు చూచు మూలభాండారమున లేదు. బిల్డు కొఱకు మూటగట్టి యిచ్చిన ప్రతిలోనే యుండెను. లాగిన్ అగుటకు అరక్షణము ఆలస్యమగుచున్నదేమని అనుమానించిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు దానిని పట్టెను. మూలము తెఱచియున్నను చదువువాడు కావలయునుగదా! అందఱును అన్నియు దంచుకొనవలెనని నేను చెప్పను; అది వృథాశ్రమ. సిద్ధము చేసిన ప్యాకేజీల నిచ్చువారి ఋణము మనకు గలదు. ఊరికొకరిద్దఱికి మాత్రము ఈ దంపుడు తెలిసియుండవలెను.

శతకము తెరపైకి వచ్చినది. చుక్క చెరిగిన చోట్ల ‘థ’కారము ‘ధ’కారమైనది, అరసున్నలను యంత్రము చాలచోట్ల మ్రింగివేసినది. పండితులు ఎఱ్ఱకలముతో దిద్దుచున్నారు. ఇప్పటికి పండ్రెండు పుటలు పూర్తియైనవి. మీ యింట అటకమీద పొడియగుచున్న పుస్తకమున్నచో తీసికొనిరండు, చుట్టుటకు మెత్తని రుమాలు మఱవకుడు.