నలగని ప్రతి ఎవరికోసం?

మన సాహిత్య చరిత్రలన్నీ అట్టకట్టిన పుస్తకాలనుంచి రాసినవే. అట్టలేని వాటి చరిత్ర ఇంకా రాయవలసే ఉంది. సొంత డబ్బుతో, సంఘం చందాతో అచ్చువేసి సభల్లో, బస్టాండుల్లో చేతినుంచి చేతికి అందించిన పాటల పుస్తకాలు, సైక్లోస్టైల్ చేసిన చిన్నపత్రికలు ఇందులోకి వస్తాయి. వీటిని పోగుచేసే పనిలో చాలా ఏళ్ళుగా ఉన్నాను. ఆ పనిలో నేను చేసిన తప్పునుంచే ఈ చర్చ మొదలుపెడతాను.

ఒకసారి చిత్తుకాగితాల కొట్లో ఇలాంటి పుస్తకాల కట్ట తూకానికి కొన్నాను. ఒకే పుస్తకానికి నాలుగైదు ప్రతులున్న చోట శుభ్రమైనదాన్ని ఉంచుకుని, చిరిగినవి, పెన్సిలు గీతలున్నవి కొట్లోనే వదిలేశాను. అప్పుడది వివేకంగానే తోచింది.

ఈ వివేకం నా ఒక్కడిదే కాదు. 1976లో లండన్‌లో మార్క్ పెర్రీ అనే బ్యాంకు గుమాస్తా పంక్ సంగీతం మీద ‘స్నిఫిన్ గ్లూ’ అనే పత్రికను సొంతంగా తెచ్చాడు. మొదటి సంచిక కొద్ది ప్రతులే వేశాడు. పెద్ద పత్రికలు పట్టించుకోని సంగీతాన్ని గురించి, పాత మోటారు బండ్లను తమ చేతులతో మార్చుకునే కుర్రవాళ్ళ ముచ్చట్ల గురించి ఇలాంటి పత్రికలు ఆ దేశాల్లో ఎన్నో వచ్చాయి. ఇప్పుడవి అరుదైన సరుకు. మడత, మరక లేని ప్రతికి ధర ఎక్కువ. అంటే ఎవరూ చదవని ప్రతికే విలువ ఎక్కువన్నమాట! సంతకు ఎదురుతిరిగి పుట్టిన కాగితాన్ని సంత చివరికి ఇలా లొంగదీసుకుంది.

మన దగ్గర ధర రాలేదు గానీ దృష్టి అదే. దాన్ని వదిలించింది ఐనవిల్లిలో ఒక పెద్దాయన. ఒకప్పుడు వ్యవసాయ కార్మిక సంఘంలో పాటలు పాడినవాడు. ఆయన రేకుపెట్టెలో ఉన్న పాటల పుస్తకానికి అట్టలేదు. పిన్నులు తుప్పుపట్టాయి. అంచులకు కొబ్బరినూనె వేళ్ళ ముద్రలు. తెలంగాణనుంచి వచ్చిన ఒక పాటలో ‘దొర’ అన్న ప్రతి చోటా పెన్సిలుతో కొట్టేసి పైన ‘కామందు’ అని రాసి ఉంది. రెండక్షరాల చోట మూడక్షరాలు పడితే నడక కుంటుతుంది కదా, అందుకని పక్కనున్న విశేషణాన్ని తీసేశారు.

‘‘ఎవరు మార్చారండీ ఇది?’’ అని అడిగాను.

‘‘ఎవరని చెప్పను బాబూ, పాడతా ఉంటే మారింది. ఈ పక్క దొరంటే ఎవరికి తగుల్తాదీ? కామందంటే తగుల్తాది.’’

అదే పాట ఆ తర్వాత వచ్చిన సంకలనంలో ఉంది. అక్కడ ‘దొర’ దొరగానే ఉన్నాడు. పాట గోదావరి దాటి వచ్చి ఇక్కడి భూస్వామి పేరు నేర్చుకున్న సంగతి ఆ అచ్చులో లేదు. ఉద్యమ పాటల్లో నినాదం తప్ప నేల వాసన లేదని అనే విమర్శకులు చదివింది ఆ సంకలనాన్నే. నూనె మరకల ప్రతి వాళ్ళకు దొరకలేదు. దొరకకుండా చేసినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఇది కొత్త సంగతీ కాదు. 1920ల తొలినాళ్ళలో గరిమెళ్ళ సత్యనారాయణ ‘మాకొద్దీ తెల్లదొరతనము’ ఊరూరా పాకింది, కవి జైలుకెళ్ళాడు. అదే కాలంలో రాజమండ్రినుంచి కుసుమ ధర్మన్న ‘మాకొద్దీ నల్లదొరతనము’ అని జవాబు చెప్పాడు. పాటకు పాటే విమర్శ అయిన సందర్భమది. ఒకదాన్ని దాచి రెండోదాన్ని పారేసుకుంటే స్వాతంత్ర్యోద్యమ కవిత్వంలో కులప్రశ్నే లేదని తేల్చేయవచ్చు. చాలాకాలం తేల్చాం కూడా.

అయితే చిరిగినదల్లా గొప్పదని అనను. పెద్ద కాగితాన్ని రెండువైపులా అచ్చువేసి మూడు మడతలు పెడితే పదహారు పేజీలు వస్తాయి. చేతిలో పన్నెండు పేజీల మంచి పాటలుంటే మిగిలిన నాలుగు పేజీలు ఖాళీగా పోనివ్వడం ఇష్టంలేక ఏదో ఒకటి రాసి నింపిన పుస్తకాలు చూశాను. ఆ బలహీనతను బలహీనతగానే చెప్పాలి. కాగితం లెక్క పాటల ఎంపికను ఎలా శాసించిందో కూడా చెప్పాలి.

అచ్చులో లేనిదాన్నీ చదవడం నేర్చుకోవాలి. 1867 నాటి ముద్రణ చట్టం అమల్లో ఉన్నంతకాలం ప్రతి పుస్తకం మీదా ముద్రాపకుడి పేరు, ఊరు ఉండి తీరాల్సి వచ్చేది. రహస్యంగా అచ్చయిన పాటల పుస్తకాల్లో ఆ వరుస ఉండదు. గ్రంథసూచి రాసేవాళ్ళు ‘ముద్రణ వివరాలు లేవు’ అని దాన్నొక లోపంగా నమోదు చేస్తారు. అది లోపం కాదు, ఒక ప్రెస్సు కార్మికుణ్ణి కాపాడిన ఖాళీ.

పోయినవి ఎన్నో. 1975-77 ఎమర్జెన్సీలో సోదాల భయంతో ఇంట్లోవాళ్ళే పొయ్యిలో వేసినవి కొన్ని. 1986 గోదావరి వరదలో, 1996 నవంబరు తుఫానులో నానిపోయినవి మరికొన్ని. మిగిలినవాటిలో నావంటివాళ్ళు ‘శుభ్రత’ పేరుతో ఏరి పారేసినవీ ఉన్నాయని ఒప్పుకోవాలి.

రచయితలనూ, సాహిత్య విద్యార్థులనూ కోరేది ఇదే. ఇలాంటి పుస్తకం దొరికితే గీతలతో, మరకలతో సహా ప్రతి పేజీ ఫొటో తీయండి. ఎవరు పాడారు, ఎక్కడ, ఏ మాట మార్చారు అన్నది అడిగి పక్కన రాయండి. సంకలనాలు తెచ్చేవారు ఆ పాఠాంతరాలను పాట కిందనే అచ్చువేయాలి. ప్రబంధాల తాళపత్రాలకు చూపిన శ్రద్ధ కూలివాడి పెన్సిలు గీతకు చూపకపోతే మన అభ్యుదయానికి అర్థమేమిటి?

ఐనవిల్లి పుస్తకాన్ని భద్రపరుస్తాను, ఇమ్మని అడిగాను. పెద్దాయన నవ్వాడు. ‘‘ఫొటోలు తీసుకుని ఇచ్చేయండి బాబూ. ఏప్రిల్ 14కి పేటలో పాడాలి’’ అన్నాడు.

తీసుకుని ఇచ్చేశాను.